గుంతలు లేవని రాశాను

ఈమధ్య పిల్లలు నాకు ఫోన్లో ఫోటోలు పంపుతుంటారు. "సార్, పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. ఇందులో ఏం పెట్టొచ్చు?" అని అడుగుతారు. కొందరిది మేడ మీద ఒక మూల. కొందరిది రెండిళ్ళ మధ్య సందు. ఇంకొందరిది స్కూటరు పెట్టగా మిగిలిన ముంగిలి. నేను వెంటనే మొక్కల పేర్లు చెప్పను. ఎండ ఎటు నుంచి వస్తుందని కూడా ముందు అడగను. "మీ ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు ఒకే చోట కూర్చునే మనిషి ఎవరు? ఎక్కడ కూర్చుంటారు?" అని అడుగుతాను. ముసలాయనకు తమ ప్రశ్న సరిగా వినపడలేదేమోనని వాళ్ళు అదే ఫోటో మళ్ళీ పంపుతారు.

నాకు వినపడుతుంది. ఆ ప్రశ్న అడగడం నాకు ఎమ్మిగనూరులో ఒక నేతగాని ఇంటి పెరడు నేర్పింది. ఉద్యాన శాఖలో పాతికేళ్ళు దాటి, ఇక నేర్చుకునేది ఏమీ లేదని నేను గట్టిగా నమ్ముతున్న కాలంలో నేర్పింది.

ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. గొప్పకు కాదు, తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియాలని. ఆదోని నుంచి ఆలూరు వెళ్ళే దారిలో ఒకప్పుడు మాకు తోట ఉండేది. మెట్ల బావి, దానిమ్మ వరుసలు, సపోటా చెట్లు, మల్లె మడులు, వాటి మధ్య ఎర్రమట్టి బాట, ముందు ఇనుప గేటు. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని పెద్దతోట అనేవారు. మా నాన్నగారి కాలంలో అది పోయింది. ఎట్లా పోయిందో చెప్పను. ఆ కథ నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఆదోనిలో ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడక్కడ పత్తి గోదాములు ఉన్నాయి.

తోట పోయాక మా నాయనమ్మ ఇంట్లో ఒక నియమం పెట్టింది. "పని మీద పోయినప్పుడు ఎవరి గడపా తొక్కొద్దు. గడప తొక్కితే కూర్చోమంటారు. కూర్చుంటే నీళ్ళిస్తారు. నీళ్ళు తాగితే జాలిపడతారు." ఆస్తి ఉన్న రోజుల్లో మా ఇంట్లో ఇన్ని నియమాలు లేవని మా అమ్మ చాటుగా అనేది. ఉన్నప్పుడు ఎవరింటికైనా పోయేవాళ్ళం, ఎవరైనా వచ్చేవాళ్ళు. పోయాకే మేము పెద్దవాళ్ళమని మాకు బాగా గుర్తొచ్చింది.

ఆ నియమాన్ని నేను ఉద్యోగమంతా పాటించాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, సంచిలో నా నీళ్ళ సీసా, జేబులో కొలత టేపు. రైతు ఇంటికి పోయినా, పట్నంలో ఎవరి పెరడు చూడబోయినా సందులోంచి పోయి సందులోంచే తిరిగి వచ్చేవాణ్ణి. మా ఆఫీసు అటెండరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆదోని పాత ఊరి మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్ద. పోయిన ప్రతి ఇంట్లోనూ ఆయనకు మంచం, చాయ్, పలకరింపు దొరికేవి. "సాబ్, మీరు బయటనే నిలబడుకోండి. మీ వంతు చాయ్ గూడా నేనే తాగొస్తా," అని లోపలికి పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇంటి కథంతా ఆయన దగ్గర ఉండేది. నా దగ్గర కొలతలు ఉండేవి. కొలతలే చాలనుకునేవాణ్ణి.

ఆ ఏడు మా డివిజనుకు కొత్త అధికారిణి వచ్చింది. కోస్తా వైపు మనిషి, నా కంటే వయసులో చాలా చిన్న. ఎకరాల్లో ఉంటేనే తోట కాదు, పట్నాల్లోని చిన్న పెరళ్ళను కూడా తోటలుగా చేసి చూపిద్దామని ఆమె ఆలోచన. ఆదోనిలో రెండిళ్ళు, ఎమ్మిగనూరులో రెండిళ్ళు ఎంచుకోవాలి. ప్రణాళిక గీసేది నేను. ఆరు నెలల తర్వాత నాలుగింటిలో మంచిది ఒకటి నమూనా తోటగా ప్రకటిస్తారు. దానికి బోర్డు పెడతారు, ఫోటోలు తీస్తారు, జిల్లా అంతటి నుంచి మనుషులను తెచ్చి చూపిస్తారు.

నేను బయటికి ఏమీ అనలేదు కానీ లోపల చాలా సంబరపడ్డాను. పెద్దతోట పోయి నలభై ఏళ్ళు. దాన్ని అరచేతి మందాన మళ్ళీ ఒకచోట పెట్టే అవకాశం నాకు ప్రభుత్వ ఖర్చుతో వచ్చింది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఎమ్మిగనూరులో నేను మనసు పెట్టుకున్నది నేతగాళ్ళ వీధిలో ఒక ఇల్లు. దరఖాస్తు పెట్టింది ఆ ఇంటి కోడలు. ముప్పై ఐదేళ్ళుంటాయి. భర్త ఆదోనిలో బట్టల దుకాణంలో పనిచేస్తాడు, రోజూ బస్సులో పోయి వస్తాడు. మామ డెబ్బై దాటిన నేతగాడు. పెరడు ఇంటికి పడమట ఉంది. పదకొండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు, నల్లరేగడి నేల. ఒక మూల బట్టలుతికే బండ. మధ్యలో బట్టలారేసే తీగ. ఇంటి వెనకగోడ రాయి, మట్టి పెట్టి కట్టింది. కిటికీ లేదు. ఒక పక్కగా తలుపు ఉంది.

ఆ గోడను చూడగానే నా మనసులో తోట వెలిసింది. "సాయంత్రం దాకా ఈ గోడకు ఎండ కొడుతుంది కదమ్మా?" అని అడిగాను.

"కొడతాది సార్. మాపటేల ముట్టుకుంటే చెయ్యి సుర్రుమంటాది. లోపల పొయ్యి మాదిరి ఉంటాది."

"దీన్ని ఆనుకుని పొడుగునా ఒక మడి వేద్దాం. చిక్కుడు, కాకర గోడ మీదికి పాకిద్దాం. ఇల్లు చల్లబడుతుంది."

"ఏమన్నా పెట్టుకోండి సార్. తీగ, బండ మాత్రం కదిలించొద్దు. అవి పోతే మా అత్త పైనుంచి దిగొస్తాది," అంది. అత్త పోయి మూడేళ్ళయింది.

అప్పుడు ఫారం తీశాను. మా ఫారంలో ఒక గడి ఉండేది: స్థలంలో గుంతలు, పల్లాలు ఉన్నవా? నీరు నిలిచే చోట్లు తెలియడానికి పెట్టిన ప్రశ్న. మా వైపు గుంటను గుంత అంటాం. సందు దగ్గర నిలబడే ఆమెను అడిగాను, "గుంత ఏమన్నా ఉందామ్మా?"

"బయటేం లేదు సార్. గుంత ఇంట్లో ఉండాది. మా మామ పొద్దంతా దాంట్లోనే ఉంటాడు."

అటెండరు తలుపు దగ్గర చాయ్ గ్లాసుతో నిలబడి పకపకా నవ్వాడు. "ఏం తల్లీ, బతికుండంగానే మామను గుంతలో పెట్టేస్తివా?"

"నేను పెట్టలేదన్నా. ఆయప్పే దిగినాడు, యాభై ఏండ్ల కింద. ఎక్కమంటే ఎక్కడు."

ముగ్గురం నవ్వుకున్నాం. గోడ అవతల టకటకమని మగ్గం ఆడుతూనే ఉంది. నేను నవ్వుతూనే ఫారంలో 'లేవు' అని రాశాను.

ఆదోని వాణ్ణి నేను. పత్తి తెలుసు, బట్ట తెలుసు. ఆ రెండింటి మధ్య ఉన్న గుంత తెలియలేదు. తెలియలేదనడం కూడా సరికాదు. గుంట మగ్గం అంటే ఏమిటో నాకు తెలుసు. నేలలో మొలలోతు గుంట తవ్వి, అంచున నేతగాడు కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడదీసి కింది పలకలు తొక్కుతాడు. పైన చేతులు నాడెను, పేక దారం మోసే పడవలాంటి చెక్కను, అటూ ఇటూ ఆడిస్తాయి. ఆ సంగతి తెలిసి కూడా, ఆమె మాట ఆ సంగతికి తగలకుండా నా పక్కనుంచి పోయింది. ఒక్క గడప దాటి ఉంటే, నేను వేయబోయే మడికీ ఆ గుంటకూ మధ్య ఉన్నది ఒక్క మూరెడు గోడేనని కంటికి కనపడేది.

ప్రణాళిక మాత్రం బాగా గీశాను. ఇప్పటికీ సిగ్గుపడను దానికి, ఒక్క మడి విషయంలో తప్ప. చిన్న తోటలో మొదట గీయవలసింది దారి. నడుమున బిందె పెట్టుకున్న ఆడమనిషి మొక్కలకు తగలకుండా తిరగగలిగినంత వెడల్పు ఉండాలి, అంతకంటే ఒక్క అంగుళం ఎక్కువ ఉండకూడదు. నేల తక్కువైనప్పుడు గోడలే నేల. కాబట్టి పాకేవి గోడలకు, పొట్టివి మడులకు. ఒకేసారి కాసి ఊరుకునేవి వద్దు. గోంగూర, కొత్తిమీర, వంగ, మిరప లాగా రోజూ కొద్దికొద్దిగా చేతికి వచ్చేవి పెట్టాలి. బండ మీది నీళ్ళు వృథా పోకుండా ఒక కాలువ తీశాను. ఆ కాలువను నేరుగా గోడ పక్క మడిలోకి మళ్ళించాను. ఎండలు ముదిరే ఊరు కదా, మడిని నేల కంటే జానెడు లోతుగా తవ్వించాను, నీళ్ళు నిలిచి మెల్లగా ఇంకాలని. రేగడి నేల. మెల్లగానే ఇంకుతుంది. ఎటు ఇంకుతుందో ఆలోచించలేదు.

వానలు మొదలయ్యేసరికి నాటాం. ఆ పెరట్లో నేను మోకాళ్ళ మీద కూర్చుని మట్టి పిసికాను. ఉద్యోగంలో అట్లా ఎప్పుడూ చేయలేదు, కూలివాళ్ళ చేత చేయించేవాణ్ణి. దసరాకు గోడంతా చిక్కుడు. ఊదా పూలు, పచ్చటి ఆకు. ఫోటో పంపితే అధికారిణి, "మిగతా మూడూ దీని ముందు తేలిపోతున్నాయండీ," అని జవాబు పంపింది. ఆ జవాబు నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను.

వారానికి ఒకసారి పోయేవాణ్ణి, సందులోంచే. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ వారాల్లో నాకు మూడు విషయాలు కనపడ్డాయి. మూడింటినీ నేను తప్పుగా చదివాను.

ఒకటి, పొద్దున పూట మగ్గం చప్పుడు వినపడటం మానేసింది. పదకొండు దాటాక మొదలయ్యేది. "పెద్దాయనకు బద్ధకం వచ్చినట్టుంది," అన్నాను అటెండరుతో. ఎప్పుడూ ఏదో ఒక జవాబు చెప్పే ఆ మనిషి ఆ రోజు వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు.

రెండు, ఆ కోడలు పొద్దున్నే లోపలి నుంచి బకెట్లతో మురికినీళ్ళు తెచ్చి మడిలో పోసేది. "ఇంట్లో వాడిన నీళ్ళు కూడా మొక్కలకే. బాగా చేస్తున్నావమ్మా," అని మెచ్చుకున్నాను. ఆమె బకెట్టు కింద పెట్టి నా వైపు చూసింది. "అవును సార్. ఈడి నీళ్ళు ఈడికే," అంది.

మూడు, కార్తీకంలో ఒకరోజు పెరటి గోడకు నాపబండలు ఆనించి ఉన్నాయి. మంచి నున్నటివి, ఆరు. దారికి పరుద్దామా అని అడిగాను. "అవి వేరే పనికి సార్," అంది.

నమూనా తోట ప్రకటించే రోజు వచ్చింది. అధికారిణి పదిన్నరకు వస్తుంది, వెంట ఫోటోగ్రాఫరు. అటెండరూ నేనూ ఎనిమిదికల్లా ఎమ్మిగనూరు చేరాం. బోర్డు ఆయన చంకలో ఉంది. నా చొక్కా ఆ రోజు ఇంకాస్త గంజితో ఉంది. సందు దగ్గరకు పోయేసరికి కోడలు వెనక తలుపులో నిలబడి ఉంది.

"సార్, లోపలికి రండి."

"వద్దులేమ్మా. ఇక్కడ బాగానే ఉంది."

"మీకు బాగానే ఉండాది సార్." అటెండరు వైపు ఒక చూపు చూసి, మళ్ళీ అంది. "ఒక్కసారి రండి. కూర్చోమనను. నీళ్ళియ్యను."

నా నియమం ఆ ఇంటికి ముందే చేరిందన్నమాట. ఎవరు చేర్చారో అడగాల్సిన పని లేదు. ఆయన బోర్డును అటూ ఇటూ తిప్పి, అందులో అక్షర దోషాలు వెతుకుతున్నాడు.

గడప దాటాను. చెప్పులు విడవడం కూడా మరిచిపోయి, వెనక్కి వచ్చి విడిచి మళ్ళీ దాటాను.

లోపల పైకప్పు గవాక్షి నుంచి ఒక స్తంభంలా వెలుతురు దిగుతోంది. దాని కింద మగ్గం. మగ్గం వెనక, నేను తీగలు పాకించిన గోడకు భుజం ఆనించినట్టుగా, పెద్దాయన గుంట అంచున కూర్చున్నాడు. రెండు కాళ్ళకూ మోకాళ్ళ దాకా ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నాడు. చేతిలో చెంబు. గుంటలోంచి నీళ్ళు తోడి బకెట్లో పోస్తున్నాడు.

నన్ను చూసి చెంబు దాచబోయాడు. దాచడానికి చోటు లేక పక్కన పెట్టాడు. "ఎందుకు పిలిస్తివే ఆయప్పను?" అన్నాడు కోడలితో. "సెప్పొద్దని నీతోనూ, అటెండరుతోనూ అంటి కదా."

"నేనేం సెప్పలే మామా. సూడమన్నా, అంతే."

నేను కూర్చుని గుంటలోకి వంగాను. గోడ వైపు రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు చెమ్మగిల్లి సన్నగా కారుతున్నాయి. ఆ వాసన నాకు బాగా తెలుసు. వేపపిండి, పశువుల ఎరువు కలిపిన వాసన. అది నా మడి వాసన. ఆమె రోజూ మడిలో పోస్తున్నది ఈ నీళ్ళే. మడిలోంచి గుంటలోకి, గుంటలోంచి బకెట్లోకి, బకెట్లోంచి మడిలోకి. నేను దాన్ని మెచ్చుకున్నాను.

"ఎప్పటి నుంచి?" అని అడిగాను.

"దసరా కాడి నుంచి," అన్నాడు. "తోడేస్తే పదకొండు దాకా ఆరతాది. మళ్ళ రెండు మూడు గంటలు నేసుకుంటాండా. పలకల తాళ్ళే నాని జారతాండాయి. కాళ్ళది ఏముందిలే."

"కాళ్ళదే ఉంది," అంది కోడలు. "ఆసుపత్రిలో సెప్పినారు సార్, ఇంక తడిలో కాళ్ళు పెట్టొద్దని. మా ఆయన బండలు తెచ్చినాడు. ఈ పడుగు అయిపోతానే మగ్గం ఎత్తేసి గుంత పూడ్చి, పైన బండలు పరిసేస్తారంట."

ఆ ఆరు బండలు. దారికి పరుద్దామా అని నేను అడిగిన బండలు.

పెద్దాయన పాత గుడ్డతో, మగ్గానికి నిలువునా ఎక్కించిన పడుగు దారాలను కింది వైపు ఒత్తి తుడుస్తున్నాడు. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆ చెయ్యి ఆగలేదు. "వయసైపాయ. ఎప్పుడో ఒగ పొద్దు ఎత్తాల్సిందే కదప్పా," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం తుడిచినచోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"నాకెందుకు చెప్పలేదు?"

తుడుస్తూనే అన్నాడు. "నువ్వు పెద్దతోట వాళ్ళ పిల్లోనివని అటెండరు సెప్పినాడు. నా సిన్నప్పుడు మా నాయన పంచెలు నేసి మీ తాతకు తెచ్చిచ్చేటోడు. నేనూ ఎంబడి వచ్చేటోణ్ణి. గేటు కాడ నిలబెట్టి దానిమ్మకాయలిచ్చేటోళ్ళు. మంచివే ఇచ్చేటోళ్ళు, అబద్ధం సెప్పకూడదు. లోపలికి మాత్రం ఎవురూ రమ్మన్లే. ఇనుప కడ్డీల్లోంచి సూసేది నేను, ఎర్రబాట యాడికి పోతాందో అని. అట్లాంటి ఇంటి మనిషి వచ్చి నా పెరట్లో మోకాళ్ళ మీద కూసోని మట్టి పిసికె. నీ తోట సరిగ్గ లేదప్పా అని ఏ నోటితో సెప్పేది?"

మేము ఆ ఇంటి గడప తొక్కలేదు, వాళ్ళు మా గేటు దాటలేదు. మర్యాద రెండు వైపులా పూర్తిగా నిలిచింది. నీళ్ళకు మాత్రం మర్యాద తెలియదు.

బయటికి వచ్చేసరికి తొమ్మిది కాలేదు. పక్కింట్లోంచి గడ్డపార తెమ్మన్నాను. అటెండరు నా మొహం, గడ్డపార, తన చేతిలో బోర్డు మార్చి మార్చి చూశాడు.

"సాబ్, పదిన్నరకు మేడమ్ వస్తాది. ఫోటోగ్రాఫర్ వస్తాడు. ఏం చూపిస్తాం? గుంతనా?"

"గుంతే చూపిద్దాం."

ఆయన బోర్డును వెనక్కి తిప్పి గోడకు ఆనించాడు. చొక్కా చేతులు మడిచాడు. "మీరు తవ్వండి. మట్టి నేను ఎత్తుతా," అన్నాడు.

మొదటి దెబ్బ వేయబోతుంటే కోడలు అడ్డం వచ్చింది. తోట మీద మమకారంతో వచ్చిందనుకున్నాను. "ఉండండి సార్, కాయలు కోసుకోనీ," అంది. ఒళ్ళో రెండు శేర్ల చిక్కుడుకాయలు కోసుకున్నాకే పక్కకు జరిగింది.

గోడ పొడుగునా మడిని పెకలించాం. తీగలు కత్తిరించాను. కాలువను తెంపి సందు వైపు మళ్ళించాను. ఆ నల్లమట్టి గారెల పిండిలా చేతికి అంటుకుంది. తెల్లచొక్కా మోచేతుల దాకా నల్లబడింది. తాతగారి తోటను నా చేతులతో నేనే తవ్విపోస్తున్నానని ఒక్క క్షణం అనిపించింది. ఆ మాట పూర్తిగా నిజం కాదు. తాతగారి తోటలో ఎవరి కాళ్ళ కిందికీ నీళ్ళు పోలేదు. పోయినా మాకు తెలిసే దారి లేదు.

అధికారిణి సరిగ్గా పదిన్నరకు వచ్చింది. సందు మొదట్లోనే ఆగిపోయింది. "ఏమిటండీ ఇది?"

"తప్పుగా వేశాను మేడమ్. గోడ అవతల గుంట మగ్గం ఉంది. నీళ్ళన్నీ అందులోకి పోతున్నాయి."

"మీరు ముందు చూడలేదా?"

"చూడలేదు."

"ఎందుకని?"

ఆ ప్రశ్నకు సర్వీసు నిబంధనల్లో జవాబు లేదు. వానల మీద పెట్టవచ్చు. ఇల్లు పాతదని, గోడకు పునాది సరిగా లేదని చెప్పవచ్చు. ఇంటివాళ్ళు నీళ్ళు ఎక్కువ పోశారని చెప్పినా ఎవరూ కాదనరు. ఆ కోడలు బకెట్లతో నీళ్ళు పోస్తున్న ఫోటో నేనే తీసి పంపాను. ఈ జవాబులన్నీ నాకు అక్కడే, ఆ గడ్డపార పట్టుకుని నిలబడినప్పుడే వచ్చాయి. మీకు కూడా వస్తాయి. అన్నీ మర్యాదగా, అందంగా వస్తాయి.

"లోపలికి పోలేదు మేడమ్," అన్నాను.

ఆమె చెప్పులు విడిచి లోపలికి పోయింది. నాలుగు నిమిషాలు లోపలే ఉంది. బయటికి వచ్చి ఫారం తెరిచింది. "గుంతలు లేవు అని మీరే రాశారు."

"రాశాను."

"దీన్ని ఎట్లా సరిచేస్తారో అది కూడా మీరే రాసివ్వండి," అంది. అరవలేదు, ఓదార్చలేదు. నమూనా తోట ఆదోనిలోని ఒక ఉపాధ్యాయుడి మేడకు పోయింది. బోర్డు మాత్రం అదే, పేరు మార్చి రాశారు. ఆఫీసులో నన్ను కొంతకాలం గుంత సార్ అన్నారు. అంతకుముందు చాటుగా దొర అనేవాళ్ళట. దాని కంటే ఇది నయమని అటెండరు తీర్పు.

పది రోజులకు గుంట ఆరింది. గోడ వెంట తవ్విన చోట కంకర నింపి, నేల బయటికి వాలు ఉండేట్టు కొట్టాం. అప్పుడు కొత్త ప్రణాళికకు కాగితం తీసుకుని పోయాను. ఈసారి ముందు తలుపు నుంచి పోయాను.

"యాడ నిలబడి గీస్తావు?" అన్నాడు పెద్దాయన.

"పెరట్లో."

"పెరట్లో యెవురుంటారప్పా? ఆయమ్మ బట్టలుతుక్కొని వచ్చేస్తాది. నా కొడుకు ఆదోనిలో ఉంటాడు. పొద్దంతా ఆ తలుపులోంచి సూసేది నేనొగణ్ణే. ఇట్ల రా. ఈడ కూసో."

ఆయన లేచి పక్కకు జరిగాడు. నేను గుంట అంచున ఆయన చోట కూర్చుని కాళ్ళు లోపలికి వదిలాను. అరికాళ్ళకు పలకలు తగిలాయి. చల్లగా, పొడిగా ఉన్నాయి. పక్కకు తల తిప్పితే తెరిచిన వెనక తలుపు, దానిలోంచి పెరడు.

అప్పటిదాకా నేను గీసిన తోటలన్నీ నిలబడిన మనిషికి గీశాను. ఇంకా నిజం చెప్పాలంటే, గేటు దగ్గర నిలబడి చూసే అతిథికి గీశాను. నేల మీద కూర్చుని రెండడుగుల ఎత్తు నుంచి చూసే మనిషికి ఆ తోటలో వంగమొక్కల కాండాలు తప్ప ఏమీ కనపడవు. గోడ మీద నేను పాకించిన చిక్కుడు ఆయనకు గోడ అవతలి వైపు ఉండింది. ఆరు నెలల్లో ఆ ఊదాపూలను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

అక్కడే కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకుని గీశాను. తలుపుకు దగ్గరగా పుదీనా, కొత్తిమీర లాంటి పొట్టివి. వాటి వెనక మిరప, వంగ. అన్నిటికంటే చివర, పడమటి ప్రహరీకి, పందిరి వేసి చిక్కుడు. ఆ పందిరి నీడ సాయంత్రం వచ్చి ఇంటిగోడ మీద పడుతుంది. గోడ పక్కన ఒక్క చుక్క నీరు పోయకుండానే ఇల్లు చల్లబడుతుంది. పాతికేళ్ళ అనుభవానికి తట్టని ఈ ఉపాయం, గుంటలో కాళ్ళు పెట్టిన పావుగంటకు తట్టింది. నీళ్ళకు ప్రహరీ పక్కనే మట్టికుండలు మెడదాకా పాతిపెట్టి నింపడం. అవి తమ చుట్టూ ఉన్న వేళ్ళకు మాత్రమే చెమ్మ ఇస్తాయి.

"ఆడ, తలుపుకు నేరుగా, ఒగ దానిమ్మ పెట్టప్పా," అన్నాడు. "నాడె వదిలి తలెత్తితే కనపడాల."

"పెద్ద చెట్టవుతుంది. చోటు చాలదు."

"సిన్నగా పెంచు. నీకు రాదా?"

వస్తుంది. తొట్టిలో పెట్టి, ఏటా కత్తిరిస్తూ పోతే నడుమెత్తు దాటకుండా కాస్తుంది. ఎర్రటి పూలు సరిగ్గా ఆయన కంటి ఎత్తులో పూస్తాయి. దాన్ని కూడా గీశాను.

తర్వాతి ఆదివారం కొడుకు ఇంట్లో ఉన్నాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా కాగితం చూశాడు, తండ్రి వైపు చూశాడు, పెరట్లోకి పోయి ఆ ఆరు నాపబండలనూ ఒక్కొక్కటిగా మోసి, తలుపు నుంచి పందిరి దాకా దారిగా పరిచాడు. వాలు సరిచూడటానికి చెంబుతో నీళ్ళు పోసి చూశాడు. నీళ్ళు ఇంటి నుంచి బయటికి పారాయి. మగ్గం ఎత్తే మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదని అటెండరు ద్వారా తెలిసింది. ఆ పడుగు అయిపోయింది. పెద్దాయన ఇంకొకటి ఎక్కించాడు. తర్వాత ఎన్ని ఎక్కించాడో నేను అడగలేదు. నేను రిటైరయ్యేనాటికి కూడా పొద్దున ఎనిమిదికే టకటకమని వినపడేది.

ప్రణాళిక గీసిన రోజు సంగతి ఒకటి మిగిలింది. పని అయ్యాక కోడలు ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా పక్కన నేల మీద పెట్టింది. తాగమని అనలేదు. నేను గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే తాగాను. మా నాయనమ్మ చెప్పినట్టు ఎవరూ నా మీద జాలిపడలేదు. "తాగితివి కదా, ఇంక లెయ్యి. నా పని ఆగిపాయ," అన్నాడు పెద్దాయన.

లేచి, కొత్త ఫారం నింపాను. కొలతలు, నేల, ఎండ అన్నీ పాతవే. గుంతలు, పల్లాలు ఉన్నవా అన్న గడి దగ్గర ఇట్లా రాశాను: ఉంది. ఒకటి. ఇంటి లోపల. అందులో మనిషి ఉన్నాడు. ఆ గడిలో అంత రాయడానికి చోటు లేక అక్షరాలు గీత దాటి పోయాయి. అధికారిణి అది చదివి, ఏమీ అడగకుండా సంతకం పెట్టింది.